ఇంజను చల్లారితే పలుకుతుంది, వేడెక్కితే పలకదు

ప్రశ్న: మేస్త్రీ గారూ, మాది సింగరాయకొండ దగ్గర పాకల. మా నాన్న కొన్న పాత టూ స్ట్రోక్ ఇంజను ఉంది. రెండు సిలిండర్లది. పెట్రోలు మీద స్టార్ట్ చేసి కిరసనాయిలుకు మారుస్తాం. వేట నిషేధం అయిపోయాక జూన్‌లో మళ్లీ పడవకు బిగించాం. పొద్దున రెండు లాగుళ్లకే అందుకుంటుంది. ఇరవై నిమిషాలు బాగా పోయి, ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఎంత లాగినా పలకదు. అరగంట ఆగి లాగితే మళ్లీ మామూలే. కార్బురేటర్ కడిగించాం, ప్లగ్గులు రెండూ మార్చాం. సిడిఐ (ప్లగ్గులకు రవ్వ అందించే ఎలక్ట్రానిక్ పెట్టె) పోయింది, కొత్తది వేయాలంటున్నారు. వేయించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు అబ్బాయా. ముందు ట్యాంకు మూత దగ్గరికి వెళ్లు. మూత మీద గాలి స్క్రూ బిగించి ఉంటే, ఆయిలు తగ్గేకొద్దీ ట్యాంకు లోపల వాక్యూమ్ పట్టి కాసేపటికి ఆయిలు రావడం ఆగిపోతుంది. అరగంటలో ఎక్కడో ఒకచోట గాలి దూరి మళ్లీ నడుస్తుంది. బయటికి నీ జబ్బులాగే కనిపిస్తుంది. ఈసారి ఆగగానే మూత వదులు చేసి, పైపు మీది రబ్బరు బంతిని నాలుగుసార్లు పిసికి లాగు. అందుకుంటే జబ్బు కరెంటుది కాదు.

అయినా నువ్వు 'ఉన్నట్టుండి' అన్నావు చూడు, నా అనుమానం ఆ మాట మీదే. ఆయిలు అందని ఇంజను చెప్పి ఆగుతుంది. దగ్గుతుంది, కాస్త పుంజుకుంటుంది, మళ్లీ దగ్గుతుంది. కరెంటు పోయిన ఇంజను లైటు ఆర్పినట్టు ఆగిపోతుంది. ఇంకో సంగతి, నీకు రెండు సిలిండర్లూ ఒకేసారి పోతున్నాయి. ఒక్కో సిలిండరుకు ఉండే ప్లగ్గు కాయిలు పాడైతే ఆ ఒక్క సిలిండరే పడుకుంటుంది, పడవ సగం బలంతోనైనా ఒడ్డు చేరుతుంది. రెండూ కలిసి పోయాయంటే, రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని వెతకాలి. ఫ్లైవీల్ (ఇంజను పైన తిరిగే అయస్కాంతాల చక్రం) కింద ఉండి సిడిఐకి కరెంటు పుట్టించే చార్జ్ కాయిలు, సిడిఐ, ఆపే స్విచ్చీ దాని వైరూ. ఈ మూడింట్లో సిడిఐ ఖరీదైనది. అందుకే దాన్ని ఆఖరికి పెట్టుకో.

పరీక్ష సముద్రంలో పెట్టుకోవద్దు. పడవను ఏట్లో ఒడ్డుకు కట్టేసి, తోడుగా ఒకరిని పెట్టుకుని, ఇంజను ఆగేదాకా నడుపు. నీళ్లు లేకుండా గట్టు మీద మాత్రం నడపొద్దు, నీటి పంపు రబ్బరు మాడిపోతుంది. ఆగిన వెంటనే, చల్లారనివ్వకుండా, ఆయిలు పైపు పీకేసి ప్లగ్గులు రెండూ విప్పు. వాటిని క్యాపుల్లోనే ఉంచి, మరలు ఇంజను ఒంటి ఇనుముకు గట్టిగా తగిలేలా ప్లగ్గు రంధ్రాలకు దూరంగా కట్టు. రంధ్రాల మీద గుడ్డ కప్పు. రంధ్రంలోంచి వచ్చే ఆవిరికి నిప్పురవ్వ తగిలిందంటే మీసాలు కాలతాయి. ప్లగ్గుల్ని చేత్తో పట్టుకోవద్దు, గాల్లో వేలాడదీసి లాగొద్దు. కరెంటుకు దారి దొరక్కపోతే సిడిఐ కూడా చెడిపోవచ్చు. ఎండలో రవ్వ కనపడదు, గొడుగు అడ్డం పెట్టుకుని చూడు.

ఒకదానికే రవ్వ లేకపోతే రెండు కాయిళ్లనూ అటుదిటు మార్చు. జబ్బు కాయిలుతో పాటు పక్క సిలిండరుకు పోతే దొంగ దొరికినట్టే. రెండింటికీ లేకపోతే స్విచ్చి నుంచి సిడిఐకి వచ్చే వైరు పీకి మళ్లీ లాగు. ఇప్పుడు రవ్వ వచ్చిందా, తప్పు స్విచ్చిదో దాని వైరుదో. (వైరు పీకి ఉన్నప్పుడు ఇంజను స్టార్టయితే బటన్‌తో ఆగదు. చోక్ లాగి ఆపాలి.)

ఈ వైరు సంగతి నేను నష్టపోయి నేర్చుకున్నాను. ఏళ్ల కిందట కొత్తపట్నం నుంచి ఒకాయన ఇంజను తెచ్చాడు, అచ్చం నీ కథే. చూడగానే సిడిఐ అన్నాను, కొనిపించి వేశాను. మర్నాడు మధ్యాహ్నానికి మళ్లీ నా షెడ్డు ముందు దించాడు. ఆయన ఏమీ అనలేదు, అదే నాకు ఎక్కువ సిగ్గనిపించింది. సాయంత్రం దాకా విప్పితే, ఆపే స్విచ్చి వైరు ఒకచోట కవరు అంచుకు రాసుకుని పొట్టు లేచిపోయి ఉంది. గోరంత రాగి. చల్లగా ఉన్నప్పుడు దూరంగానే ఉండేది, వేడికి తొడుగు మెత్తబడి ఒరిగితే ఇనుముకు తగిలేది. టేపు చుట్టి, క్లిప్పు వేశాను. సిడిఐ డబ్బులు తిరిగి ఇచ్చేశాను. ఆ పెట్టె ఇంకా నా బల్ల మీదే ఉంది.

వైరు పీకినా రవ్వ రాకపోతే చార్జ్ కాయిలు చూడు. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, ఆగిన వెంటనే ఒకసారి మల్టీమీటరుతో దాని ఓములు కొలువు. వేడికి పదీ పదిహేను శాతం పెరిగితే కంగారు వద్దు, రాగి గుణమే అంత. కానీ వేడి మీద అంకె ఒక్కసారి ఆకాశానికి పోతే, లోపల సన్న తీగ ఎక్కడో తెగి ఉంది. చల్లారితే అతుక్కుంటుంది, వేడికి విడిపోతుంది. ఇదీ సరిగ్గానే ఉంటే అప్పుడు సిడిఐ. దాన్ని మీటరుతో నమ్మకంగా తేల్చలేం, అన్నీ చూశాక మిగిలింది కాబట్టి మార్చడమే. మార్చే ముందు తెలిసినవాళ్ల మంచి సిడిఐ ఒక్కపూట అరువడిగి వేసి చూడు.

ప్రశ్న: సోమశిల జలాశయంలో చేపలు పట్టే మాకు పాయింట్లున్న (సిడిఐ బదులు కరెంటును కలిపి విడదీసే చిన్న లోహపు ముక్కలు) చిన్న పాత మోటారు ఉంది. నీళ్లలో తిరిగే ఫ్యాను రాయికి తగిలినప్పటి నుంచీ రవ్వ వస్తున్నా స్టార్ట్ కావడం లేదు. లాగితే తాడు ఎదురు తంతోంది.

జవాబు: పాయింట్ల జోలికి పోవద్దు. రాయి దెబ్బకు ఫ్లైవీల్ లోపలి అర్ధచంద్రం ఆకారపు చిన్న కీ తెగో నలిగో ఉంటుంది. ఫ్లైవీల్ కాస్త తిరిగి కూర్చోవడంతో రవ్వ రావలసిన వేళకు రావడం లేదు. పుల్లర్‌తోనే విప్పండి, సుత్తితో కొడితే అయస్కాంతాలు పగులుతాయి. ఎలాగూ విప్పుతారు కాబట్టి పాయింట్లను సన్న గరుకు కాగితంతో రుద్ది, మీ మోటారుకు చెప్పిన గ్యాపు పెట్టండి.

ప్రశ్న: ప్లగ్గు నల్లగా తడిసిపోతే వైరు బ్రష్‌తో తోముతున్నాం. మంచిదేనా? (ఇసకపల్లి)

జవాబు: మంచిది కాదు. తెల్ల పింగాణీ మీద ఇనుప గీతలు పడతాయి, కరెంటు ఆ గీతల వెంటే జారిపోతుంది. పెట్రోలుతో కడిగి ఆరబెట్టండి. పడవలో ఎప్పుడూ ఒక జత కొత్తవి, మూత గట్టిగా పట్టే డబ్బాలో.