ఎర్త్‌సీ నాలుగో పుస్తకం దగ్గర ఆగిపోయారా?

ఎర్త్‌సీ అనే ఫాంటసీ నవలల వరసలో మూడు పుస్తకాలు గబగబా చదివేశాక నాలుగోది, ‘తెహాను’, వేరెవరో రాసినట్టు అనిపించిందా? ఇదీ రాసింది ఆ మూడూ రాసిన ఉర్సులా లె గ్విన్నే అండి. కాకపోతే మూడోది 1972లో వస్తే ఇది 1990లో వచ్చింది. ఆ 18 ఏళ్లలో ఆవిడ చూపే మారిపోయింది. మంత్రశక్తి పోగొట్టుకున్న గెడ్ (ముందు పుస్తకాల్లోని మాంత్రికుడు) ఇక్కడ మేకలు కాసుకుంటాడు. కథ నడిపేది రెండో పుస్తకంలోని తెనార్. ఇప్పుడు భర్త పోయిన రైతుభార్య, ఒళ్లు కాలిన పసిపిల్లను సాకుతుంటుంది. సాహసాల కోసం చూస్తే విసుగే (మొదటిసారి నాకూ అంతే). రెండోది ఓసారి తిరగేసి మళ్లీ మొదలుపెట్టండి. ఇదే ఆఖరుదని అట్ట మీద ఉన్నా నమ్మకండి, 2001లో ఇంకో రెండు వచ్చాయి. ముందు కథల సంపుటి ‘టేల్స్ ఫ్రమ్ ఎర్త్‌సీ’ చదవండి. అందులో ‘డ్రాగన్‌ఫ్లై’ వదిలేస్తే ‘ది అదర్ విండ్’ నవల్లో ఇరియన్ అనే పాత్ర ఎవరో తెలీక తికమకపడతారు.