సరిహద్దు పట్టణంలో వలస పిల్లల కోసం బడి నడపడం ఎలా ఉంటుంది?

థాయ్‌లాండ్‌లోని మే సోట్‌నే తీసుకోండి. మోయి నది దాటితే మయన్మార్. అక్కడి అణచివేత నుంచి తప్పించుకొచ్చిన డాక్టర్ సింథియా మాంగ్ 1989లో క్లినిక్ పెట్టారు. 1995లో ఆ క్లినిక్కే పిల్లలకు బడి కూడా మొదలుపెట్టింది.

కాగితాలు లేని పిల్లలూ చదువుకోవచ్చని 2005లో థాయ్ ప్రభుత్వం తేల్చింది. కానీ చాలామందికి థాయ్ భాషే రాదు. తల్లిదండ్రులు పొలాల్లో, ఫ్యాక్టరీల్లో కూలీలు. పని ఎటుంటే అటు వెళ్లిపోతారు, పిల్లల చదువు మధ్యలో ఆగిపోతుంది. అందుకే వలస బడుల్లో బర్మీస్, కరెన్ భాషల్లో పాఠాలు చెబుతూ థాయ్ కూడా నేర్పుతారు.

గదులు కట్టడం కన్నా నెలనెలా టీచర్ల జీతాలే పెద్ద టెన్షన్ అని నాకనిపిస్తుంది, ఎందుకంటే చాలా బడులు విరాళాల మీదే నడుస్తాయి. పైగా ఇక్కడి సర్టిఫికెట్‌కు రెండు దేశాల్లోనూ గుర్తింపు తేలిగ్గా దొరకదు.