ప్రెడ్నిసొలోన్ వాడితే లింఫ్ గడ్డలు ఎలా కరుగుతాయి?

మెడ గడ్డలు కరగడం అంటే పైపై వాపు తగ్గడమేనా అని మీరు అడిగారు. కాదు, అందులోని లింఫ్ కణాలు, అంటే ఒక రకం తెల్ల రక్తకణాలు, నిజంగానే చచ్చిపోతాయి. ఈ సంగతి 2016లో హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని తెలుసుకున్నాను.

మాది మిర్యాలగూడ దగ్గరి పల్లె. ఏడేళ్ల మా చిన్నమ్మాయికి జ్వరమూ మెడ గడ్డలూ వస్తే, ఊళ్ళోని ఆర్ఎంపీ రెండుసార్లు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ సూది వేశాడు. గడ్డలు తగ్గాయని గుళ్ళో కొబ్బరికాయ కూడా కొట్టాము. నెల తిరగకుండానే అవి మళ్ళీ లేచాయి, అప్పటికి గాని అది లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ అని తేలలేదు. కారణం తెలియని గడ్డకు పరీక్ష చేయకముందే స్టెరాయిడ్ ఇవ్వడం, దొంగ అడుగుజాడలను చీపురుతో ఊడ్చేయడం వంటిదే.

ఆసుపత్రిలో మొదటి వారం, వెన్నులోకి ఇచ్చిన ఒక సూది తప్ప, క్యాన్సర్‌కు వాడినవి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలే. రోజూ పొద్దున నేను వేలితో తడిమి చూసే గడ్డ, ఉసిరికాయంత ఉన్నది, ఐదో నాటికి శనగగింజంత అయింది. మూడో రోజు మా అమ్మ తోటలోని బత్తాయిలు సంచినిండా తెచ్చి రసం పిండితే, నర్సు గ్లాసు తీసేసుకున్నది. చచ్చే కణాలు తమలోని పొటాషియాన్ని రక్తంలోకి వదులుతాయని, బత్తాయి రసం దానికి తోడైతే గుండె లయ తప్పవచ్చని డాక్టరుగారు వివరించారు. చచ్చిన కణాల వల్ల పెరిగే యూరిక్ ఆమ్లం మూత్రపిండాలను దెబ్బతీయకుండా సెలైనూ, ఆ ఆమ్లాన్ని తగ్గించే అల్లోప్యూరినాల్ మందూ ఎలాగూ నడుస్తున్నాయి. నల్లగొండ జిల్లాలో పుట్టి బత్తాయి వద్దనిపించుకోవలసి వచ్చిందని అమ్మ చాలా రోజులు నొచ్చుకున్నది.

లోపల జరిగేది ఇది: స్టెరాయిడ్ కణపొర దాటి, తన గ్రాహకంతో (దాన్ని పట్టుకునే ప్రొటీన్‌తో) కలిసి కేంద్రకంలోకి వెళ్ళి, కొన్ని జన్యువులను మేల్కొలుపుతుంది, కొన్నింటిని అణచివేస్తుంది. అలా పెరిగే బిమ్ అనే ప్రొటీన్, కణాన్ని కాపాడే బీసీఎల్-2ను అడ్డుకోగా, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా నుంచి సైటోక్రోమ్-సి అనే ప్రొటీన్ బయటపడుతుంది, దాంతో కాస్పేజ్ ఎంజైములు లేచి కణాన్ని లోపలినుంచే కోసేస్తాయి. స్టెరాయిడ్ సోకిన థైమస్ (ఛాతీలోని లింఫ్ గ్రంథి) కణాల్లో డీఎన్ఏ ముక్కలుగా తెగుతుందని వైలీ అనే శాస్త్రవేత్త 1980లోనే చూపాడు. కాలేయ కణాల్లోనూ ఇదే గ్రాహకం ఉన్నా అవి చావవు. చావుకు ముందే సిద్ధపడి పుట్టేది లింఫ్ కణమేనని నా అభిప్రాయం.

ఎనిమిదో నాడు రక్తంలో మైక్రోలీటరుకు బ్లాస్ట్ కణాలు (ముదరని క్యాన్సర్ కణాలు) 1000కి లోపుంటే మందు బాగా పనిచేసినట్టు లెక్క. మా అమ్మాయికి 240 వచ్చాయి. పొటాషియం కూడా సరిగానే ఉన్నదని, ఆ సాయంత్రం సగం గ్లాసు బత్తాయి రసానికి ఒప్పుకున్నారు.