తల్లిదండ్రులు బాగానే ఉంటే పిల్లలకు సికిల్ సెల్ ఎలా వస్తుంది? అసలు ఎంతమందికి ఉంటుంది?

తల్లిదండ్రుల నుంచి వచ్చే ఈ రక్తపు జబ్బు మా అన్నయ్య కొడుక్కి ఉంది. నేను క్యారియర్‌ని, అంటే నాకు జబ్బు లేదు కానీ నా పిల్లలకు అందించగలను. అందుకే ఈ ప్రశ్న చూసి ఆగలేకపోయాను.

మాది పాడేరు వైపు ఏజెన్సీ. వాడికి నాలుగేళ్లప్పుడు, జనవరి చలిలో ఒక రాత్రి కాళ్లు నొప్పులని ఏడుపు మొదలుపెట్టాడు. అమ్మ ఆముదం వెచ్చచేసి రాసింది. ఊహూఁ. దుప్పటి తగిలినా కెవ్వుమనేవాడు. తెల్లవార్లూ వదిన వాణ్ని ఒళ్లోంచి దించలేదు. కళ్లు పచ్చగా ఉంటున్నాయని, కామెర్లేమోనని అంతకుముందే రెండుసార్లు పసరు మందు కూడా పోయించాం. పొద్దున్నే ఘాట్ రోడ్డు దిగి విశాఖ తీసుకెళ్తే, మొదటి ఆసుపత్రిలో రక్తం తక్కువుందని ఐరన్ టానిక్ రాసి పంపేశారు. ఏజెన్సీ పిల్లాడు, రక్తం లేదు, ఎముకల నొప్పులు, పచ్చకళ్లు. సికిల్ సెల్ రక్తపరీక్ష రాయడానికి ఇంకేం కావాలండీ? రెండో చోట రాశారు. రిపోర్టులో ‘ఎస్ఎస్’ అని వచ్చింది, అంటే సికిల్ సెల్ జబ్బే.

ఇంటికి రాగానే మా అత్త, అంటే నాన్న చెల్లెలు, “మన వంశంలో లేదు, కోడలే తెచ్చింది” అంది. అమ్మ కాదనలేదు. నాకు ఒళ్లు మండింది. అందరికీ పరీక్ష చేయిస్తే వదిన ‘ఏఎస్’, అన్నయ్య ‘ఏఎస్’, నేనూ ‘ఏఎస్’, అంటే ముగ్గురం క్యారియర్లమే. అమ్మ రెండు రోజులు వదిన మొహం చూడలేకపోయింది.

అమ్మకి అర్థం కావాలని రాజ్మా గింజలు ముందేసుకుని కూర్చున్నాను. ఎర్ర గింజంటే జబ్బు జన్యువు (ఎస్), తెల్లదంటే మామూలుది (ఏ). అన్నయ్య దగ్గర ఒక ఎర్రది, ఒక తెల్లది. వదిన దగ్గరా అంతే. బిడ్డ ఇద్దరి దగ్గరా చెరొకటి తీసుకుంటాడు. రెండూ ఎర్రవైతే జబ్బు, ఒకటే ఎర్రదైతే మాలాగా మామూలుగా తిరిగే క్యారియర్, రెండూ తెల్లవైతే ఏమీ లేదు. జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. “అయితే ఒకడికి వచ్చేసింది కదా, ఇక ముగ్గురికి రాదు” అంది అమ్మ! కాదు, ప్రతి కాన్పుకీ గింజలు మళ్లీ మొదటినుంచి తీయాల్సిందే. ఈ లెక్క చదువుకున్నవాళ్లే తప్పుతున్నారు.

ఎంతమందికి అంటే, గిరిజనుల్లో పుట్టే ప్రతి 86 మందిలో ఒకరికి అని కేంద్రమే చెప్పింది. క్యారియర్లు అంతకన్నా చాలా ఎక్కువ. ఎందుకంటే ఒక ఎర్ర గింజ ఉన్నవాళ్లని మలేరియా అంత తేలిగ్గా చంపలేదు. దోమలున్న అడవుల్లో తరతరాలుగా వాళ్లు బతికి బట్టకట్టారు. పట్నం చుట్టాలు మాత్రం అన్నిటికీ మేనరికమే కారణమంటారు. మా వదిన బయటి సంబంధమే కదా! మేనరికంతో అవకాశం పెరగొచ్చు, కానీ మా వైపు బయట చేసుకున్నా తప్పించుకోలేరు.

2023 జులైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది, నలభై ఏళ్లలోపు వయసున్న ఏడు కోట్లమందికి పరీక్షలు చేస్తామంది. మంచిదే. పరీక్షయ్యాక కార్డు ఇస్తారు. ఆ కార్డులు ఎక్కడుంటాయో తెలుసా? ట్రంకు పెట్టెల అడుగున. నన్నడిగితే కట్నం మాటకన్నా ముందు రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఇద్దరిలో ఒకరిది ‘ఏఏ’ (రెండూ తెల్ల గింజలే) అయితే చాలు, పిల్లలకు ఈ ‘ఎస్ఎస్’ జబ్బు రాదు.

పోయిన నెల నాకో సంబంధం వచ్చింది. నా కార్డు తీసి చూపించి, అమ్మాయికీ పరీక్ష చేయిద్దామన్నాను. “మా పిల్లకి ఏ రోగమూ లేదు” అని వాళ్ల నాన్న కాఫీ కూడా తాగకుండా లేచిపోయారు. అప్పటినుంచి అమ్మ నాతో మాట్లాడటం లేదు. వదిన మాత్రం ఆ రోజు నాకు ఒక గరిటె కూర ఎక్కువ వేసింది.