కూపర్స్‌టౌన్ వెళ్తున్న స్వాతికి

స్వాతీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, నీకు అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్‌లో డాక్టరు శిక్షణకి రెసిడెన్సీ వచ్చిందని చెప్పింది. "అక్కా, మ్యాప్‌లో చూస్తే చెరువు పక్కన నాలుగు వీధులున్నాయి, అక్కడ దీనికి పనేముంటుంది?" అని ఒకటే దిగులు. నాకు మాత్రం ఒళ్లు పులకరించింది. ఆ వెంటనే గుండె దడ మొదలైంది. 1990లో నేను చేరిన ఊరే అది.

మీ అమ్మకి ఈ మాట చెప్పు. ఊళ్లో జనం 2020 లెక్కల్లో 1,794 మందే. ఆసుపత్రి మాత్రం చుట్టుపక్కల పల్లెలన్నిటికీ దిక్కు. ఎముక మజ్జ మార్పిడిని మనుషుల మీద తొలిసారిగా ప్రయత్నించిన వాళ్లలో డొనాల్ థామస్ ఒకరు. 1950లలో ఆయన ఆ పని చేసింది ఈ ఆసుపత్రిలోనే. ఆయనకి నోబెల్ వచ్చింది నేను చేరిన ఏడాదే. ఆ రోజు వార్డులో నర్సులంతా తమ ఇంట్లో మనిషికే వచ్చినట్టు మురిసిపోయారు.

కోటు ఇక్కడ కొనకు, అక్కడే కొనుక్కో. కారుకి చలికాలం టైర్లు వేయించు, డిక్కీలో ఒక పార, ఒక దుప్పటి ఉంచు. పప్పులూ పచ్చళ్లూ కావాలంటే ఆల్బనీ వెళ్లాలి, దాదాపు 70 మైళ్లు. నువ్వు చేరే జూలైలోనే బేస్‌బాల్ మ్యూజియం ఉత్సవానికి జనం విరగబడతారు, అద్దె ఇల్లు ముందే చూసుకో. బేస్‌బాల్ 1839లో ఆ ఊళ్లోనే పుట్టిందనే కథ ఒకటుంది. అది నిజం కాదని తేలిపోయింది. అయినా ఎవరైనా చెబితే కాదని వాదించకు.

ఇక అసలు సంగతి. సరస్సు.

ఊరికి ఉత్తరాన ఆట్సీగో సరస్సు, పొడవు తొమ్మిది మైళ్లు. 1991 మార్చిలో ఒక ఆదివారం, డ్యూటీ లేదు, ఎండ కాస్తోంది. మీ రవి అన్నయ్యకి అప్పుడు ఐదేళ్లు. సరస్సంతా తెల్లగా గడ్డకట్టి ఉంది. దూరంగా ఇద్దరు మంచుకి కన్నం పెట్టి చేపలు పడుతున్నారు. వాళ్లు నిలబడగా లేనిది మాకేమవుతుందిలే అనుకున్నాను. కౌన్సిల్ రాక్ అని ఒడ్డునే ఒక పెద్ద రాయి ఉంటుంది. దాని పక్కనుంచి వాణ్ణి చేయి పట్టుకుని మంచు మీదికి దింపాను. పది అడుగులు కూడా వేయలేదు. వాడు నా చేయి విడిపించుకుని ముందుకి పరిగెత్తాడు, చిన్న చప్పుడైంది, నడుం దాకా దిగిపోయాడు.

నేను అరవలేదు స్వాతీ, గొంతు రాలేదు. బోర్లా పడుకుని వాడి జబ్బ పట్టుకున్నాను. లాగుతుంటే నా మోచేతుల కింద కూడా మంచు చిట్లుతోంది. ఒడ్డున కుక్కతో నడుస్తున్న ఒక ముసలాయన పరిగెత్తుకొచ్చి నా కాళ్లు పట్టుకుని ఇద్దర్నీ వెనక్కి ఈడ్చాడు. వాడి ఎడమ బూటు నీళ్లలోనే ఉండిపోయింది.

ఆ పెద్దాయన తిట్టలేదు. తన కోటు తీసి వాడికి చుట్టి, చేత్తో చూపించాడు: "నది ఇక్కణ్ణుంచే మొదలవుతుందమ్మా." సస్క్వెహానా నది ఆ మూలనుంచే బయల్దేరి 444 మైళ్లు పారి చీసపీక్ అఖాతంలో కలుస్తుంది. కింద నీళ్లు కదులుతుంటే పైన మంచు దళసరిగా కట్టదు. గోదారి ఒడ్డున పుట్టినదాన్ని నాకది తట్టలేదు! ఎనిమిది నెలలు ఆ ఊళ్లో ఉండి, నది ఎటు పోతుందో కూడా కనుక్కోలేదు.

1779లో, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, జనరల్ క్లింటన్ సైన్యం సరిగ్గా ఆ మూలకే అడ్డుకట్ట వేసి, నీళ్లు పెంచి, ఆగస్టులో కట్ట తెగ్గొట్టి ఆ వరదలో పడవలు నడిపించిందట. ఆ దండు దిగువన మరో సైన్యంతో కలిసి అక్కడి ఆదివాసులైన ఇరోక్వోయ్ ప్రజల ఊళ్లు తగలబెట్టింది. 1786లో విలియం కూపర్ ఊరు కట్టడం మొదలుపెట్టింది ఆ తర్వాతే. ఇదంతా ఆ వారమే లైబ్రరీలో కూర్చుని చదివాను. ముందే చదివి ఉంటే ఆ మూల నీళ్ల సంగతి తెలిసేది కదా.

ఎవరికీ చెప్పకూడదనుకున్నాను, తల్లినయ్యుండి, డాక్టర్నయ్యుండి ఇంత పని చేశానని సిగ్గు. మర్నాడు పొద్దున మొదటి పేషెంటే "బాబు ఎలా ఉన్నాడు?" అని అడిగాడు. రెండో ఆమె కూడా. సాయంత్రం ఇంటికొచ్చేసరికి గుమ్మంలో పిల్లాడి బూట్ల జత ఉంది, కాస్త వాడినవి, శుభ్రంగా తుడిచి. ఎవరు పెట్టారో ఇప్పటికీ తెలియదు. అప్పటిదాకా సెలవొస్తే చాలు మనవాళ్లని వెతుక్కుంటూ న్యూజెర్సీ పరిగెత్తేదాన్ని. ఆ వారం వెళ్లలేదు.

నువ్వు మొండిదానివి, నాకు తెలుసు. చిన్నప్పుడు లంకలో పడవ కట్టు విప్పేసింది నువ్వే కదా. ఆ మూల మంచు మీద అడుగు పెట్టనని నాకు మాటివ్వు తల్లీ. పక్కనెవరు నిలబడి ఉన్నా సరే. మిగతావన్నీ నువ్వే నేర్చుకుంటావు, ఆ టెన్షన్ నాకు లేదు.

చేరిన వారంలో మెయిన్ స్ట్రీట్ చివర వంతెన మీద నిలబడి, నది ఒక ఫోటో తీసి పంపు. రవి కూడా అడిగాడు. వాడి బూటు పోయింది అటే.

మీ పెద్దమ్మ