ఇల్లు అద్దెకిచ్చేవారి సందేహాలకు సమాధానాలు

ఒకటి రెండు పోర్షన్లో, ఒక ఫ్లాటో అద్దెకిచ్చి ఆ రాబడి మీద ఆధారపడే పాఠకులు ఈ నెల రాసిన ఉత్తరాల్లో కొన్నింటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం. రాష్ట్ర చట్టాలకు సంబంధించి చెప్పినవన్నీ తెలంగాణకు వర్తించేవి.

ప్రశ్న: ఇంటి పై అంతస్తులో మేముంటూ కింద రెండు పోర్షన్లు అద్దెకిచ్చాం. ఇంటి మొత్తానికీ ఒకే కరెంటు మీటరు ఉంది. సబ్ మీటర్లు పెట్టి యూనిట్‌కు ఏడు రూపాయల చొప్పున తీసుకుంటున్నాను. ఇందులో నాకు ఒక్క రూపాయి కూడా మిగలదు. అయినా ఎక్కువ తీసుకుంటున్నానని ప్రతి నెలా గొడవే. ఏం చేయాలి?
– విశ్రాంత ఉపాధ్యాయురాలు, కరీంనగర్

జవాబు: మీ మాటా నిజమే, వారి బాధా నిజమే. చిక్కంతా ఒకే మీటరు వల్ల వచ్చింది. గృహ వినియోగానికి వాడకం పెరిగేకొద్దీ రేటు పెరిగే శ్లాబులు ఉన్నాయి కనుక, ముగ్గురి వాడకం ఒకే మీటరులో కలిస్తే అందరూ పై శ్లాబులోకి వెళ్లిపోతారు. మూడు కుటుంబాలూ తలా 150 యూనిట్లు వాడాయనుకుందాం. 2022-23 టారిఫ్ ప్రకారం, వేర్వేరు మీటర్లుంటే మొదటి 100 యూనిట్లకు రూ.3.40, తర్వాతి 50కి రూ.4.80 చొప్పున ఒక్కో ఇంటికి రూ.580, ముగ్గురికీ కలిపి రూ.1,740 అవుతుంది. అవే 450 యూనిట్లు ఒకే మీటరులో తిరిగితే మొదటి 200కు రూ.5.10, ఆ తర్వాత వరుసగా రూ.7.70, రూ.9, రూ.9.50 పడి మొత్తం రూ.3,165కు చేరుతుంది. అంటే సగటున యూనిట్‌కు ఏడు రూపాయలు దాటుతోంది. స్థిర ఛార్జీలు, సుంకం దీనికి అదనం.

ఇంతకంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. 2024 మార్చి నుంచి అమలవుతున్న గృహజ్యోతి పథకంలో తెల్ల రేషన్ కార్డున్న కుటుంబానికి నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు ఉండదు, అద్దె ఇళ్లలో ఉండేవారికీ ఇది వర్తిస్తుంది. మీ కిరాయిదారులకు ఆ కార్డు ఉంటే, ఉమ్మడి మీటరు వల్ల సున్నా బిల్లు రావలసిన ఇంటివారు నెలకు వెయ్యికి పైగా చెల్లిస్తున్నారన్నమాట. వేరే వంటగది ఉన్న కుటుంబానికి విడి గృహ కనెక్షన్ ఇవ్వడానికి నిబంధనలు అనుమతిస్తాయి కాబట్టి రెండు పోర్షన్లకూ వెంటనే దరఖాస్తు చేయండి. కిరాయిదారు రేషన్ కార్డును మీ సర్వీసు నంబరుకు జోడించినంత మాత్రాన ఇంటి మీద వారికి ఏ హక్కూ రాదు. కొత్త మీటర్లు వచ్చేదాకా ప్రతి నెలా ఒకే తేదీన ముగ్గురూ కలిసి రీడింగులు రాసుకొని, అసలు బిల్లు కాపీ చూపించి, ఆ నెల సగటు రేటుతోనే పంచుకోండి. బోరు మోటారు, మెట్ల దగ్గరి లైట్ల యూనిట్లు ఎవరి ఖాతాలో పడుతున్నాయో కూడా చూడండి, తగాదాలు చాలావరకు అక్కడే మొదలవుతాయి.

ప్రశ్న: వంద రూపాయల స్టాంపు కాగితం మీద 11 నెలల అగ్రిమెంటు రాయించి నోటరీ చేయించాను. 11 నెలలకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అందరూ అంటున్నారు. నిజమేనా?
– చిరు వ్యాపారి, హైదరాబాద్

జవాబు: మన దగ్గర అది నిజం కాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మూలపాఠం ప్రకారం ఏడాదికి మించిన లీజులకు, ఏడాదికేడాది లెక్కన సాగే లీజులకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి, 11 నెలల ఆనవాయితీ దేశమంతటా పుట్టింది అందుకే. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో చేసిన సవరణ ఆ గడువు మాటను తీసివేసి, ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి స్థిరాస్తి లీజులన్నింటినీ రిజిస్ట్రేషన్ పరిధిలోకి తెచ్చింది.

రిజిస్టరు కాని అగ్రిమెంటు చూపించి కోర్టులో గడువును గానీ, ఏటా అద్దె పెంపును గానీ, లాకిన్ షరతును (ఫలానా కాలం లోపు ఖాళీ చేయకూడదనే షరతు) గానీ నిరూపించడం కష్టం. ఆ ఇంట్లో ఆయన కిరాయిదారుగానే ఉన్నాడన్న అనుబంధ విషయం వరకే అది పనికొస్తుంది. స్టాంపు సుంకం తక్కువ పడితే లోటుతో పాటు దానికి పది రెట్ల వరకు జరిమానా చెల్లించాల్సి రావచ్చు. నోటరీ ముద్ర ఈ రెండు లోపాలనూ పూడ్చలేదు. షాపు అద్దెకిచ్చినా, అద్దె పెంపు షరతు మీకు ముఖ్యమైనా రిజిస్ట్రేషన్ ఖర్చుకు వెనకాడవద్దని నా గట్టి సలహా. ఇప్పుడున్న కాగితంతోనే గడువు పూర్తయ్యేలోపు అద్దెను మాత్రం చేతికి తీసుకోకుండా బ్యాంకు ద్వారానే రప్పించుకోండి, రేపు సాక్ష్యంగా నిలిచేది ఆ ఖాతా వివరమే.

ప్రశ్న: నెలకు తొమ్మిది వేల అద్దె, నాలుగు నెలలుగా రాలేదు. కరెంటు ఆపి, ఆయన ఊళ్లో లేనప్పుడు తాళం వేసేయమని బంధువులు చెబుతున్నారు.
– నిజామాబాద్ పాఠకుడు

జవాబు: ఆ పని ఎంత మాత్రం చేయకండి. చట్టం దారిలో కాకుండా ఖాళీ చేయిస్తే, ఆరు నెలల్లోగా దావా వేసి ఆయన తిరిగి ఇంట్లోకి రాగలడు, పైగా పోలీసు కేసు మీ మెడకు చుట్టుకుంటుంది. 2005 సవరణ ప్రకారం కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె రూ.3,500 దాటిన ఇళ్లు అద్దె నియంత్రణ చట్టం కిందకు రావు కనుక మీ వ్యవహారం సివిల్ కోర్టుది. నెలవారీ అద్దె అయితే ముందుగా 15 రోజుల గడువుతో లాయరు నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రసీదునూ అక్నాలెడ్జ్‌మెంటునూ భద్రపరచండి. నోటీసు తర్వాత ఆయన డబ్బు ఇస్తే, అది వాడకానికి పరిహారంగా మాత్రమే తీసుకుంటున్నట్టు రాతపూర్వకంగా తెలియజేయండి, లేకుంటే నోటీసును మీరే వదులుకున్నారని వాదించే అవకాశం ఇచ్చినట్టవుతుంది. బకాయి కోసం దావా వేయడానికి మూడేళ్ల గడువు ఉంది. అంతవరకూ వెళ్లకముందే, నాలుగు నెలల బకాయిలో కొంత వదులుకుని ఫలానా తేదీకి ఖాళీ చేసేలా రాజీ కుదురుతుందేమో చూడండి, చాలా సందర్భాల్లో యజమానికి అదే లాభం.

ప్రశ్న: అయిదేళ్లున్న కిరాయిదారు ఖాళీ చేశారు. గోడలు వెలిశాయి, వంటింటి పంపు విరిగింది. రెండు నెలల అడ్వాన్సులో ఒక నెల అద్దె రంగులకు పట్టుకోవచ్చా?
– గృహిణి, వరంగల్

జవాబు: అగ్రిమెంటులో ఆ షరతు ఉంటే పట్టుకోవచ్చు. లేకపోతే, మామూలు వాడకంతో వచ్చిన అరుగుదలకు కిరాయిదారు బాధ్యుడు కాడని ఆస్తి బదిలీ చట్టమే చెబుతోంది. అయిదేళ్లకు వెలిసిన సున్నం అరుగుదలే. విరిగిన పంపు ఖర్చును మాత్రం ప్లంబరు బిల్లు చూపించి మినహాయించుకోండి. ఇకపై తాళం చెవులు ఇచ్చే రోజే ఫ్యాన్లు, ట్యూబులైట్లు, గీజరు, పంపులు, తాళం చెవుల సంఖ్య, మీటరు రీడింగు ఒక కాగితం మీద రాసి, ఫొటోలు తీసి ఇద్దరూ సంతకాలు చేయండి.

ప్రశ్న: పన్నెండేళ్లు దాటితే ఇల్లు కిరాయిదారుదే అయిపోతుందా?
– ఖమ్మం పాఠకుడు

జవాబు: కాదు. మీ అనుమతితో, మీరే యజమాని అని ఒప్పుకుని ఉంటున్న కిరాయిదారు తన అద్దెకాలంలో మీ హక్కును కాదనలేడు. అయితే అద్దె ముగిసిన నాటి నుంచి స్వాధీనం కోరే దావాకు 12 ఏళ్ల గడువు ఉంది కనుక, అద్దె ఆగిపోయినా ఊరుకునే అలవాటు పెట్టుకోవద్దు.

ప్రశ్న: కూకట్‌పల్లిలోని మా ఫ్లాటు అద్దె 28 వేలు. మేము ఎన్నారైలం కనుక పన్ను కోస్తానని కిరాయిదారు అంటున్నాడు. యాభై వేల లోపు అద్దెకు కోత లేదు కదా?
– డాలస్ పాఠకురాలు

జవాబు: ఆ యాభై వేల పరిమితి ఇక్కడ నివసించే యజమానులకే. ఎన్నారై యజమానికి కనీస పరిమితి లేదు, సెస్సుతో కలిపి 31.2 శాతం, అంటే నెలకు రూ.8,736 కోయడం ఆయన బాధ్యత. అయినా మీరు నష్టపోనక్కర్లేదు. ఏడాది అద్దె రూ.3,36,000లో మీరు కట్టిన ఆస్తిపన్నును, మిగిలినదానిలో మరమ్మతులు చేయించినా చేయించకపోయినా 30 శాతాన్ని మినహాయిస్తే నికరంగా రూ.2,35,200 మించదు. భారత్‌లో మీకు వేరే ఆదాయం లేకపోతే దీనిమీద పన్ను పడదు, రిటర్ను దాఖలు చేసి కోసినదంతా తిరిగి పొందవచ్చు. ప్రతి ఏడాదీ రిఫండు కోసం ఎదురుచూడలేమనుకుంటే, తక్కువ కోతకు అనుమతిపత్రం కోరుతూ ఆదాయపన్ను శాఖకు ముందే దరఖాస్తు చేయండి. మీ పాన్ ఆయనకు తప్పక ఇవ్వండి, ఆయన టాన్ (పన్ను కోసేవారికి ఆదాయపన్ను శాఖ ఇచ్చే నంబరు) తీసుకుని పన్ను జమ చేశాక కోత ధ్రువపత్రం అడిగి తీసుకోండి. అద్దెను ఎన్నార్వో ఖాతాలో (ఇక్కడ వచ్చే ఆదాయం కోసం ఎన్నారైలు తెరిచే బ్యాంకు ఖాతా) జమ చేయించుకోండి. అమెరికా రిటర్నులోనూ ఈ అద్దెను చూపాల్సి ఉంటుంది కాబట్టి ఇక్కడి కాగితాలన్నీ అక్కడి మీ ఆడిటరుకు కూడా పంపండి.