తప్పు ఒప్పుకొని రాసిస్తే రిజిస్ట్రేషన్ నిలుస్తుందా?

ప్రశ్న: విజయవాడలో ఓ ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. మొన్న నా నైట్ డ్యూటీ అయ్యాక రెండు ఫెంటానిల్ (బలమైన నొప్పి నివారణ మత్తుమందు) ఆంప్యూల్స్ లెక్కకు తగ్గాయి. తప్పు ఒప్పుకొని రాసిస్తే వదిలేస్తామని, లేదంటే లైసెన్సు క్యాన్సిల్ చేయిస్తామని అంటున్నారు. నేను తీయలేదు. సంతకం పెట్టేయనా? గల్ఫ్ ప్రయత్నాల్లో కూడా ఉన్నాను. - ఒక సోదరి

జవాబు: పెట్టకండి. ఆస్పత్రి చేతిలో ఉన్నది మీ ఉద్యోగం, నర్సుగా మీ లైసెన్సు, అంటే రిజిస్ట్రేషన్ కాదు. నర్సుల రిజిస్టర్లోంచి పేరు తీసే అధికారం రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌ది. అదైనా మీకు నోటీసిచ్చి, మీ వాదన విన్నాకే. వినకుండా తీసేస్తే రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టుకు వెళ్లొచ్చు.

అసలు భయపడాల్సింది ఆ కాగితానికే. ఫెంటానిల్ 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుమందుల నియంత్రణ చట్టం) కిందికొచ్చే మందు. దాని లెక్క చెప్పాల్సింది ఆస్పత్రి. రేపు ఎవరైనా అడిగితే వాళ్లు చూపించేది మీ సంతకమే. పోలీసులకైనా, కౌన్సిల్‌కైనా అదే వెళ్తుంది. ‘వదిలేస్తాం’ అన్న మాట మాత్రం ఎక్కడా రాసి ఉండదు.

ఈ రోజే ఒక ఈమెయిల్ పెట్టండి. ఆరోపణ ఏమిటో, ఏ తేదీ, ఏ షిఫ్టో రాతపూర్వకంగా ఇవ్వమనండి. నార్కోటిక్ రిజిస్టర్ (మత్తుమందుల లెక్క పుస్తకం), హ్యాండోవర్ బుక్, డ్యూటీ రోస్టర్ కాపీలు అడగండి. సీసీటీవీ ఫుటేజీని చెరపకుండా ఉంచమని అందులోనే రాయండి, కొన్నాళ్లకు దానిమీద కొత్తది రికార్డయిపోతుంది. రోగుల కేస్ షీట్లు మాత్రం ఫోన్లో ఫొటోలు తీసుకోకండి, అది ఇంకో ఆరోపణవుతుంది.

నార్కోటిక్ రిజిస్టర్ చేతికొచ్చాక వరస వరస చూడండి. అర్ధరాత్రి డాక్టరు నోటి మాటగా చెప్పిన డోసు తెల్లారాక కేస్ షీట్లోకి ఎక్కిందా? సగం వాడి మిగిలింది పారబోసినచోట రెండో సంతకం ఉందా? మీరు డ్యూటీ ఎక్కేటప్పుడు స్టాకు లెక్కపెట్టి అప్పజెప్పారా, లేక పాత అంకెనే దించేశారా? తేడా చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది.

షోకాజ్ నోటీసొస్తే గడువులోగా జవాబివ్వాలి. ముందు లాయరుకు చూపించండి. జరిగింది రాయండి, ‘అయి ఉండొచ్చు’, ‘క్షమించండి’ లాంటివి వద్దు. పోలీసులు పిలిస్తే ఒంటరిగా వెళ్లకండి. అరెస్టు భయం నిజంగా ఉంటే బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 482వ సెక్షన్ కింద ముందస్తు బెయిలు అడగొచ్చు.

టెన్షన్లో రాజీనామా కూడా ఇప్పుడే రాసివ్వకండి. తప్పు చేసి వెళ్లిపోయారంటారు. గల్ఫ్‌కు కౌన్సిల్ ఇచ్చే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్టు (మీ రిజిస్ట్రేషన్ మీద మచ్చ లేదన్న పత్రం), పాత యజమాని నుంచి అనుభవ ధ్రువీకరణ అడుగుతారు. విచారణ తేలి, మీ తప్పు లేదని రాతపూర్వకంగా వచ్చాక మానేస్తే ఆ రెండింటికీ ఇబ్బంది తక్కువ.